వదినె ఏరిన గింజలు

మా వదినె చాట ముందేసుకుని కూర్చుందంటే ఇంట్లో ఎవరూ ఆమెను పలకరించకూడదు. పలకరిస్తే వేళ్ళు ఆగిపోతాయి, కళ్ళు పైకి లేస్తాయి, ఆ తర్వాత వచ్చే మాటలు నేనిక్కడ రాయలేను. విత్తనం ఏరడంలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట చుట్టుపట్ల ఆమెదే పెద్ద పేరు. పదెకరాల రైతులు కూడా విత్తే ముందు జొన్నలు తెచ్చి ఆమె ముందు పోసేవాళ్ళు. పుచ్చు గింజ, నలక గింజ, మాసిన గింజ ఒకవైపు. నిండుగా, నున్నగా, మచ్చ లేకుండా ఉన్నవి ఒకవైపు. అంత వేగంగా ఎలా ఏరుతావని అడిగితే, "కండ్లతోని గాదు, ఏళ్ళతోని జూడాలె" అనేది. నేనూ ప్రయత్నించాను. నా వేళ్ళకు ఏమీ కనబడలేదు.

నేను పెళ్ళయిన మూడో ఏడే మెట్టినింటి నుంచి వచ్చేశాను. ఎందుకు వచ్చానని ఊరంతా అడిగింది. వదినె అడగలేదు. పొయ్యి దగ్గర పీట జరిపి, "కూసో, తిను" అంది. నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. అలాంటి ఆడబిడ్డను ఇంట్లో పెట్టుకున్నందుకు ఒక్కనాడు కూడా విసుక్కోని మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మాకు వాగు పక్కన కాస్త పొలం ఉండేది. ఎనభైల్లో పటాన్‌చెరు వైపు ఒకదాని వెనక ఒకటి కంపెనీలు లేచాయి. వాగు నీళ్ళు రంగు మారాయి, బావి నీళ్ళకు వాసన పట్టింది, వరి కంకి పాలు పోసుకోవడం మానేసింది. లారీ నడిపే మా అన్న నడుము పడిపోయి ఇంట్లో కూర్చున్నాడు. వదినె ఒక షెడ్డులో డ్రమ్ములు కడిగే పనికి పోయింది. కంపెనీల్లో మందులు నింపి ఖాళీ చేసిన డ్రమ్ములవి. లోపలికి సగం దూరి, అడుగు గీకి కడగాలి. ఆరు నెలలు తిరగకముందే ఆమె అరచేతుల తోలు పొరలు పొరలుగా లేచింది. గోళ్ళు పచ్చబడ్డాయి. ఒకరోజు జొన్నలు ఏరుతూ ఏరుతూ చాట పక్కన పెట్టేసింది.

"ఏం దెలుస్తలేదు పిల్లా. ఏళ్ళు మొద్దుబారినయ్" అని ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు.

అప్పటికి నేను పటాన్‌చెరులో ఒక కంపెనీలో తోటపనికి పోతున్నాను. అక్కడ తోటలు చూసే సార్ ఒకాయన ఉండేవారు. పట్నం మనిషి, మర్యాదస్తుడు, కొత్త చోటికి పోతే ముందు గుప్పెడు మట్టి తీసి వాసన చూసేవారు. ప్రహరీ వెంబడి చెట్లు పెంచాలని ఎక్కడెక్కడి నుంచో మొక్కలు లారీల మీద దింపించారు. రెండు ఎండాకాలాల్లో రెండుసార్లు ఎండిపోయాయి. మూడో ఏడు ఆయన నన్ను పిలిచి, "అమ్మా, మీ ఊళ్ళో ఎవరూ నీళ్ళు పోయకుండా బతికే చెట్లేవి?" అని అడిగారు.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో చెట్టుకు నీళ్ళు పోసిన వాళ్ళెవరు? "తంగేడు, రేల, తుమ్మ" అని చెప్పాను.

"వాటి గింజలే తెండి. ఇంకో జిల్లా తంగేడు కూడా నాకొద్దు. ఈ మొరం మట్టిలో పుట్టి, ఈ ఎండకు తట్టుకున్న చెట్టు గింజే కావాలి" అన్నారు.

ఆ మాట తెచ్చి వదినెకు చెప్పాను. ఆమెకు ఈ చుట్టుపక్కల ప్రతి చెట్టూ తెలుసు, చుట్టాలను గురించి చెప్పినట్టు చెప్పేది. "చెరువు కిందిది సుకానికి మరిగింది, దాని గింజ వద్దు. గుట్ట మీది రేల మొండిది, బండలకెంచి లేశింది, గది మంచిది." జోగిపేట అంగట్లో గుడ్డ సంచులు కొనుక్కొచ్చి, సెలవు దొరికిన రోజున ఇద్దరం గుట్టలు తిరిగేవాళ్ళం. తంగేడుతో ఒక చిక్కుండేది. బతుకమ్మ వచ్చిందంటే ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ పొదల మీద పడతారు. పువ్వు పోతే ఇక కాయ ఎక్కడిది? వదినె పండుగకు ముందే కొన్ని పొదలకు పాత చీర పేలికలు కట్టి వచ్చి, "పేలిక గట్టిన తంగేడు ముట్టినామెతోని నేను బతుకమ్మ ఆడ" అని వాడవాడా చెప్పింది. ఊళ్ళో పాట ఎత్తుకునేది ఆమే కాబట్టి ఎవరూ ముట్టలేదు.

తంగేడు కాయలను బండ మీద పోసి కర్రతో బాదేవాళ్ళం. రేలకాయను రాయితో చితక్కొట్టేవాళ్ళం. తుమ్మకు ఆ శ్రమ కూడా లేదు. తుమ్మకాయలు మేకలు తింటాయి, నెమరేసేటప్పుడు గింజలు ఊసేస్తాయి. పొద్దున పక్కింటి మేకల దొడ్డి ఊడిస్తే చాటెడు గింజలు దొరికేవి. దుమ్ముతో, పొట్టుతో, మేక పెంటికలతో అలాగే సంచిలో పోసి ఇచ్చాం. వాన పడగానే అన్నీ లేచాయి. ప్రహరీ వెంబడి పచ్చటి గోడ నిలబడింది. ఇంకో మూడు కంపెనీల వాళ్ళు అడిగారు. వదినె డ్రమ్ముల పని మానేసింది. ఆమె చేతులకు మెల్లగా కొత్త తోలు వచ్చింది. మళ్ళీ జొన్నలు ఏరింది. ఆ నాలుగైదేళ్ళు మా ఇంట్లో ఎవరికీ దేనికీ భయం లేదు.

రెండు వేలు దాటిన కొత్తలో వెలిమెల దగ్గర ఇళ్ళ కాలనీ ఒకటి మొదలైంది. దానికోసం ఒక గుట్టను సగం తవ్వేశారు. మిగిలిన సగం మొరం తేలి, గడ్డిపోచ లేకుండా ఉంది. దాన్ని మళ్ళీ మునుపటి గుట్టలా చేసే పని మా సార్ ఒప్పుకున్నారు. ఇళ్ళు కట్టేవాళ్ళకు చాపలా పరిచే పచ్చిక మీద, ఎక్కడి నుంచో తెచ్చే షోకు తాటిచెట్ల మీద మనసు. సార్ వాళ్ళతో వాదించి వాదించి ఒక్క వానాకాలం మాకోసం అడిగి తెచ్చుకున్నారు. విత్తనం మొత్తం మేమే ఇవ్వాలి. అది మొలిస్తే ఆ కాలనీలో మిగతా ఖాళీ జాగాలన్నీ కూడా మాకే.

"ఈసారి కాస్త నీటుగా ఉండాలమ్మా. పెద్దవాళ్ళు సంచి విప్పి చూస్తారు" అని మాత్రం అన్నారు.

ఆ ఒక్క ముక్క వదినె పట్టుకుంది. "పెద్దోళ్ళు జూస్తరట. ఇత్తనమంటే ఏందో జూపిద్దాం" అంది. ఆ ఏడు కర్రతో బాదడం లేదు, రాయితో కొట్టడం లేదు. రేలకాయలను నానబెట్టి, ఒక్కొక్కటీ చేత్తో విప్పింది. తంగేడు కాయలను గోటితో చీల్చింది. తుమ్మగింజలకు నేను అలవాటు ప్రకారం చీపురు పట్టుకుని మేకల దొడ్డికి బయల్దేరితే నా మీద లేచింది.

"ఏం పిల్లా, మేక నమిలి ఊసిన ఎంగిలి గింజలు పెద్దమనుషుల చేతుల బెడ్తమా? జెర సోయి ఉండాలె."

నాకది న్యాయంగానే తోచింది. ఎంగిలి ఎవరికిస్తాం? చెట్టు మీది కాయలే దులిపి తెచ్చాం. ఎండాకాలమంతా వదినె చాట దించలేదు. జొన్న ఏరినట్టే ఏరింది. గీత పడ్డది, పురుగు తొలిచింది, మెరుపు లేనిది చేతికి తగిలితే చాలు, వెనక పెంటకుప్ప మీదికి విసిరేది. చివరకు మిగిలిన గింజలు గుప్పిట్లోకి తీసుకుంటే జారిపోయేవి. సంచులు విప్పి చూసిన సార్, "ఇంత మంచి విత్తనం నా సర్వీసులో చూడలేదు" అన్నారు. ఆ రోజు బస్సులో వదినె నాతో సరిగ్గా మాట్లాడలేదు. అంత గర్వంగా ఉంది.

మృగశిర కార్తెలో గుట్టంతా చాళ్ళు తీసి విత్తాం. మంచి వాన పడింది. వారం పోయింది. ఇంకో వాన పడింది. పక్షం దాటింది. గుట్ట మీద గడ్డిపరకలు రెండు మూడు లేచాయి కానీ మా గింజ ఒక్కటీ తల ఎత్తలేదు. చాలు తవ్వి చూస్తే గింజలు వేసినవి వేసినట్టే మెరుస్తున్నాయి. ఇంతకుముందు మా గింజలు ఏ మందూ మాకూ లేకుండా మొలిచేవి గనక సార్‌కూ ఏమీ పాలుపోలేదు. ఒక శుక్రవారం ఆ సైటు మేనేజరు జీపు దిగి, చేతులు నడుమున పెట్టుకుని చూసి, "వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం వరకు చూస్తాను సార్. తర్వాత డోజర్ తెస్తాను. పచ్చిక వేసేసుకుంటాం" అన్నాడు. అంటే రెండు వారాలు. సార్ సరేనన్నారు. నాకు ఆ మేనేజరు మీద, సార్ మీద, మబ్బుల మీద అందరి మీదా కోపం వచ్చింది.

ఈ సంగతి ఎలా తెలిసిందో, ఆదివారం నాడు డ్రమ్ముల షెడ్డు మేస్త్రీ మా వాకిట్లో నిలబడ్డాడు. "అక్కా, మనుషులు తక్కువున్నరు. వస్తవా మళ్ళ?" అన్నాడు.

"ఈ శనివారం గాదు, ఆ పై శనివారం సంది వస్త" అంది వదినె.

అతను పోయేదాకా ఆగడమే నా వల్ల కాలేదు. "నీకేమన్న పిచ్చా వదినె? మళ్ళ ఆ డ్రమ్ములల్లకు దూరుతవా? నీ చేతులు నువ్వు జూస్కున్నవా అప్పుడు?" అని అరిచాను.

వదినె అరవలేదు. చేతులు తన ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ అంది. "మంచి గింజలే ఇచ్చిన పిల్లా. ఒక్కటి గూడ తప్పుది లేదు. అయినా మొలువలే. నాకొకటి అనిపిస్తున్నది. డ్రమ్ములు గడిగిన చేతులు గదా ఇవి. ఆ ఇసం లోపల ఉండి గింజకు అంటిందేమో. అట్లయితే ఈ చేతులు ఆడికే పోవాలె."

ఆ రెండు రోజులు ఆమె మాకు అన్నం కూడా తన చేత్తో పెట్టలేదు, గరిటెతోనే పెట్టింది. పని పోతుందన్న బాధ కంటే ఆ గరిటె నన్ను ఎక్కువ కోసింది.

మంగళవారం పొద్దున పొయ్యిలో బూడిద తీసి పెంటకుప్ప మీద పోయడానికి వెనక్కి వెళ్ళాను. తట్ట వంచబోయి ఆగిపోయాను. కుప్ప మీద ఒక పక్కంతా మొలకలు. కలుపు అనుకున్నాను. వంగి చూస్తే తంగేడు. దాని పక్కన తుమ్మ, జంట ఆకులతో. ఒక మొలకను పీకాను. తలమీద ఇంకా గింజ పొట్టు టోపీలా ఉంది. ఆ పొట్టుకు పురుగు తొలిచిన చిన్న చిల్లు ఉంది. ఎండాకాలమంతా వదినె పనికిరావని విసిరిన గింజలు అవి. ఒక్కటి వదలకుండా అన్నీ లేచి నిలబడ్డాయి.

"వదినే! జల్దీ రా!" అని నేను పెట్టిన కేకకు అన్న కూడా నడుము పట్టుకుని బయటికొచ్చాడు.

ఆమె వచ్చి చూసింది. లోపలికి పోయి ఒక చిన్న మూట తెచ్చింది. ఎవరికి విత్తనం ఇచ్చినా గింజలు పోసే గుమ్మి అడుగు కనబడనీయకూడదని మా ఇళ్ళల్లో ఆచారం. ఎంతోకొంత ఇంట్లో ఉంచుకుంటాం. మెరిసే గింజల్లో అలా ఉంచినవి ఆ మూటలోనూ, అటక మీద ఇంకో రెండు సంచుల్లోనూ ఉన్నాయి. వదినె ఒక గింజ తీసి పంటికింద వేసుకుని కొరికింది. పళ్ళు జిల్లుమన్నట్టున్నాయి, దవడ పట్టుకుంది.

"ఇనుము లెక్కున్నది. నీళ్ళు లోపలికెట్ల బోతయ్ దీనికి?" అని నా వంక చూసింది. "గీతలు వడ్డయి, పురుగు గొట్టినయి, మేక నమిలినయి... గవ్వే నీళ్ళు తాగినయ్. మునుపు మనం కట్టెతోని కొడితే, రాయితోని కొడితే గీతలు వడేటియి. నేనే పిల్లా. మంచియి మంచియి అని మొలువనియే ఏరిచ్చిన."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మాత్రం ఆ పెంటకుప్ప దగ్గరే కూలబడి, చేతులు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నా చేతులు గాదు" అంది. "పిల్లా, నా చేతులు గాదు." ఈసారి ఆమె ఏడుపు చూస్తుంటే నా గుండెల మీది నుంచి బండ దించినట్టయింది.

ఆ రోజూ, మర్నాడూ మా వాకిట్లో ఎవరూ కాలు పెట్టడానికి లేదు. గరుకు బండ మీద ఇసుక పోసి, గింజలు పోసి, పైన ఇటుకతో రుద్దాం. అంత శ్రద్ధగా ఏరిన గింజలను తన చేత్తోనే గీకాల్సి వచ్చినందుకు వదినె పనంతా అయ్యేదాకా గొణుగుతూనే ఉంది. మెరుపంతా పోయేదాకా రుద్ది, గోరువెచ్చటి నీళ్ళలో నానబోశాం. తెల్లారేసరికి చాలావరకు ఉబ్బాయి. ఉబ్బనివాటిని మళ్ళీ బండ మీదికి లాగాం. "ఇగ తప్పించుకునుడు లేదు" అని వదినె వాటితో అంది.

గురువారం సంచులు మోసుకుని వెలిమెల వెళ్ళాం. దారిలో నేను వదినెకు పాఠం చెప్పాను. మొదటిసారి వాన సరిగ్గా పడలేదని చెబుదాం, తప్పు మన మీదికి తెచ్చుకోవద్దు అని. ఆమె తల ఊపింది. సార్ ఎదురుగా నిలబడగానే మొదలు నుంచి చివరి దాకా, ఎంగిలి గింజల సంగతితో సహా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. నేను వెనక నుంచి గిల్లుతున్నా ఆగలేదు.

సార్ ఒక ఉబ్బిన గింజను అరచేతిలో వేసుకుని చూశారు. "నీటుగా ఉండాలన్నది నేనే కదమ్మా. సగం తప్పు నాది" అన్నారు. తర్వాత, "ముందు వేసినవి ఎక్కడికీ పోవు. ఒక ఎండాకాలం ఎండ తింటే అవీ లేస్తాయి" అన్నారు. ఆయన చెప్పినట్టే మరుసటేడు లేచాయి. ఎంతగా అంటే, పీకలేక మా నడుములు పడిపోయాయి. కానీ ఆ గురువారం నాడు మాకు మరుసటేడు ఎందుకు? చేతిలో ఎనిమిది రోజులున్నాయి. పొద్దుగూకేలోపు గుట్టంతా మళ్ళీ విత్తాం.

నాలుగో రోజు నుంచే వెళ్ళి చూసొద్దామని నేను గొడవ చేశాను. వదినె ఒప్పుకోలేదు. "ఊకె తొంగి జూస్తే ఏదీ గాదు" అంది కానీ, రోజూ పెంటకుప్ప దగ్గరికి పోయి ఆ మొలకలను చూసి వస్తోంది. సన్నటి తుంపర రోజూ పడింది. మేస్త్రీ మళ్ళీ వచ్చి శనివారం సంగతి గుర్తుచేసి పోయాడు. నేను అతనికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

మరుసటి గురువారం మధ్యాహ్నం బయల్దేరాం. పటాన్‌చెరులో బస్సు మారి, ఆటో ఎక్కి, గుట్ట కింద దిగాక నేను ఆగిపోయాను. నేనేమో ఊరంతటినీ అదిలించే మనిషిని. అక్కడ రాయి మీద కూర్చుని, "నువ్వే జూడు వదినె, నాకు చేతగాదు" అన్నాను. ఆమె కొంగు బిగించి పైకెక్కింది. మొదటి చాలు దగ్గర వంగింది. రెండో చాలు దగ్గర వంగింది. అక్కడి నుంచి ఇంకొంచెం పైకి పోయింది.

"ఓ పిల్లా! ఇటు రావే! తొక్కకుండ రా!"

తొక్కకుండా పోవడానికి జాగా వెతుక్కోవాల్సి వచ్చింది. మొరాన్ని తల మీద మోసుకుంటూ తంగేడు లేస్తోంది. కొన్ని చాళ్ళలో ఇంకా పగుళ్ళే ఉన్నాయి, కొన్నిటిలో వేలెడంత మొలకలు నిలబడ్డాయి. రేల కాస్త ఆలస్యంగా, అక్కడక్కడా ఉంది. తుమ్మ మాత్రం గుంపులు గుంపులుగా వచ్చింది. సార్ అప్పటికే మేనేజరును వెంటబెట్టుకుని తెచ్చారు. అతను చాళ్ళ వెంబడి ఆ చివరి దాకా నడిచి, తిరిగి వచ్చి, "సరే కానివ్వండి. డోజర్ వద్దని చెప్తాను. రెండో వైపు కూడా మీరే చూసుకోండి" అన్నాడు. అంతే. జీపెక్కి పోయాడు. నేను ఏడుస్తుంటే సార్ మర్యాదగా అటు తిరిగి నిలబడ్డారు. అంత హాయిగా నేను ఎప్పుడూ ఏడవలేదు.

తిరిగి వచ్చేటప్పటికి పటాన్‌చెరులో షిఫ్టు వదిలారు. బస్సు కిక్కిరిసిపోయింది. ఊపిరి సలపని ఆ గుంపులో డ్రమ్ముల షెడ్డు ఆడవాళ్ళు నలుగురు ఎక్కారు. ఆ వాసన నాకు వాళ్ళ కంటే ముందు చేరింది. వాళ్ళలో పెద్దామె పచ్చటి గోళ్ళతో పైకడ్డీ పట్టుకుని, వదినెను గుర్తుపట్టి నవ్వింది.

"ఏం చెల్లె, ఎల్లుండి సంది మళ్ళ మాతోనేనంట గదా?"

వదినె లేచి ఆమెకు తన సీటు ఇచ్చింది. ఇచ్చి, ఆమె పక్కనే నిలబడి, "లేదక్కా. నాకు పనున్నది" అంది.

బస్సు సంగారెడ్డి చేరేలోపు ఆ మాట ఇంకో రెండుసార్లు అంది. ఎవరూ అడగలేదు.